ఒక్క వైరు, రెండు ఇండ్లు

మా అన్నదమ్ముల పంపకంలో తెగనివి రెండే మిగిలాయి. ఒకటి కరీంనగర్ నుంచి వచ్చే ఇంటర్నెట్ వైరు, రెండోది మమ్మల్ని కన్న మా అవ్వ. మిగతావన్నీ పెద్దమనుషులు ఒక్క పూటలో తేల్చేశారు. తూర్పు సగం అన్నకు, పడమటి సగం నాకు. వాకిట్లో అడ్డంగా గోడ. వీధి వైపు మెట్లెక్కితే వచ్చే చిన్న గది మాత్రం ఉమ్మడి, దాని తాళంచెవులు ఇద్దరి దగ్గరా ఉంటాయి.

మాది మెట్‌పల్లి. బాపు డాబా మీద డిష్షు పెట్టి కేబుల్ టీవీ మొదలుపెట్టాడు. ఆయన పోయాక అన్న, నేను కలిసి దాన్ని ఇంటర్నెట్ దాకా లాక్కొచ్చాం. అన్న స్తంభాలెక్కుతాడు, వైర్లు గుంజుతాడు, ఏ ఇంటి మనిషి ఏ దేశంలో ఉన్నాడో, ఎవరు సెలవు మీద వచ్చారో కూడా చెప్తాడు. నేను ఆ చిన్న గదిలో ఏసీ కింద కూర్చుని మిషన్లు చూసుకుంటాను. చదువుకున్నవాణ్ని నేనేనన్న పొగరు నాకు ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఒప్పుకోవడానికి అడ్డేమీ లేదు.

విడిపోవడానికి కారణం ఒక మూరెడు వైరు. ఒక శుక్రవారం అన్న ఆ గదిలోకి ఏదో పనిమీద వచ్చాడు. ఇంటర్నెట్‌ను అన్ని వైర్లకూ పంచే స్విచ్ డబ్బాలోంచి ఒక వైరు కొస నేలమీదికి వేలాడుతోంది. నేలమీద వైరు పడి ఉంటే ఆయన ఓర్వలేడు, ఎవరి కాలికైనా తట్టుకుంటుందని భయం. ఆ కొసను తీసి అదే డబ్బాలో ఖాళీగా ఉన్న ఇంకో రంధ్రంలో గుచ్చి, పని అయిపోయిందనుకుని కిందికి దిగిపోయాడు. స్విచ్‌కు ఒక స్వభావం ఉంది. తనకు తెలియని చిరునామా అడిగితే అన్ని పోర్టులకూ, అంటే వైర్లు గుచ్చే రంధ్రాలన్నింటికీ, ఆ ప్రశ్న పంపుతుంది. ఒకే వైరు రెండు కొసలూ దానికే తగిలిస్తే, తాను పంపిన ప్రశ్నే మళ్లీ కొత్తదిలా తన దగ్గరికి వస్తుంది. దాన్ని మళ్లీ అందరికీ పంపుతుంది. అలా ఒకటి వెయ్యై, వెయ్యి లక్షై, రెండు నిమిషాల్లో ఊరంతా ఇంటర్నెట్ ఊపిరాడక పడిపోయింది.

పైగా శుక్రవారం. గల్ఫ్‌లో సెలవు రోజు. మా ఊళ్లో ప్రతి రెండో ఇంట్లో ఆ రోజు మొగుడో, కొడుకో, తండ్రో ఫోన్‌లో కనిపించే రోజు. పావుగంటలో మా వాకిట్లో పదిమంది జమయ్యారు. ఒకామె చేతిలో ఫోన్, ఆ ఫోన్‌లో ఆమె భర్త ముఖం నోరు తెరిచి అలాగే ఆగిపోయి ఉంది. నేను గంటసేపు వెతికి ఆ వైరు దొరికించుకుని, దాన్ని చేత్తో పట్టుకుని కిందికొచ్చి, అందరి ముందూ అన్నను పట్టుకుని అరిచాను.

"స్తంభాలెక్కుడు తప్ప నీకేం తెల్సు? తెల్వనిదాంట్ల చెయ్యి పెట్టకు అని ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి సంగతి మా ఊరికంతా తెలుసు, కానీ అన్న మీద అంతవరకు ఎప్పుడూ లేవలేదు. ఆయన నడుముకున్న కటింగ్ ప్లేయర్ తీసి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున అవ్వతో, "మేం వేరు పడుతం అవ్వా" అన్నాడు.

పంపకానికి కూర్చున్న పెద్దమనుషుల్లో ముఖ్యుడు మాకు లెక్కలు చెప్పిన రిటైర్డు సారు, బాపు స్నేహితుడు. ఆయనకు వైరు సంగతే అంతుపట్టలేదు. "ఇల్లంటే గోడ పెడ్తం, పొలమంటే గెట్టు పెడ్తం. గీ వైరును ఎట్ల కోస్తర్రా? కోస్తే ఇద్దరికీ లేకుంటైతది" అన్నాడు. ఆ మాటతో నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. కొయ్యకుండానే పంచుతానన్నాను. దానికి వీల్యాన్ అనే పద్ధతి ఉందన్నాను. ఆయన ముఖం చూసి, మా చిన్నప్పుడు మా వాడకు బట్టలుతికిన ముసలామెను గుర్తు చేశాను. ఆమె పదిండ్ల బట్టలు ఒక్క మూటలో కట్టి వాగుకు పోయేది. నల్లజీడి గింజ రసంతో ప్రతి ఇంటి బట్టకూ అంచు లోపల ఒక గుర్తు వేసేది, మా ఇంటికి రెండు చుక్కలు. మూట ఒక్కటే, వాగు ఒక్కటే, కానీ సాయంత్రానికి ఎవరి బట్ట వారింటికే చేరేది. ఇది కూడా అంతే, వైరులో పోయే ప్రతి ముక్కకూ ఒక నంబరు గుర్తు వేస్తాం, అన్నవి అన్న దిక్కు, నావి నా దిక్కు పోతాయని చెప్పాను.

సారు బాగానే పట్టుకున్నాడు. "మరి గుర్తు లేని గుడ్డ ఉంటే ఎవలిదైతదిరా?" అని అడిగాడు.

"మా దాంట్ల గుర్తు లేనిది ఉండది సార్" అని నవ్వాను.

నంబర్ల దగ్గర మాత్రం చిన్న గొడవైంది. అన్నకు పది, నాకు ఇరవై అని రాస్తే, మూలన కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "పెద్దోనికి చిన్న నంబరు, చిన్నోనికి పెద్ద నంబరా? గిదేం న్యాయం?" అన్నాడు. నంబరు వట్టి పేరేనని, దానివల్ల ఎవరికీ ఎక్కువ తక్కువలు రావని ఎంత చెప్పినా వినలేదు. చివరికి అన్నకు ఇరవై, నాకు పది అని మార్చి రాస్తే గానీ అందరూ టీ తాగలేదు. అంతసేపూ అన్న నేల చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత అవ్వ సంగతి వచ్చింది. మా వైపు అలవాటు ప్రకారమే వంతులు పెట్టారు, ఆర్నెల్లు అన్న దగ్గర, ఆర్నెల్లు నా దగ్గర. మొదటి వంతు పెద్దకొడుకుది. నాకు ఎక్కడ మండిందో ఏమో, అవ్వ సామాను పెట్టె అన్న వైపుకు పోతుంటే చూడలేక, "నీ గడప తొక్కితే నేను బాపు కొడుకునే కాదు" అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పుడు ఆ సారే బోర్డు మీద రాయించాడు. ఆయన నా వంక ఒకసారి చూసి ఊరుకున్నాడు.

అవ్వ మాత్రం ఊరుకోలేదు. "నువ్వన్న మాట నువ్వే తీసుకోవాలె కొడుకా. నేనైతే గోడ సుట్టు తిరిగి నీ దగ్గరికి రాను" అంది. పోనీ ఫోన్ చేస్తానంటే, "గోడకు ఆ పక్క ఉన్నోనితోని ఫోనెందుకు, దుబాయిల ఉన్నవా?" అంది. అన్నట్టే ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మొండితనం నాకు ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ అడగనక్కర్లేదు.

వైరు పంచడానికి నేను స్విచ్ కొనలేదు. పాత కంప్యూటర్‌లో నాలుగు పోర్టుల కార్డు బిగించి, దాన్నే స్విచ్‌గా మార్చాను. ఆ కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌లో ఒక బ్రిడ్జి సృష్టిస్తాం. బ్రిడ్జి అంటే చేత్తో ముట్టుకునే వస్తువు కాదు, కొన్ని పోర్టులను ఒక్కచోట కలిపే ఏర్పాటు. ఆ బ్రిడ్జిలో కరీంనగర్ నుంచి వచ్చే వైరు ఒక పోర్టు, అన్న వైపుకు పోయేది ఒకటి, నా వైపుకు పోయేది ఒకటి. వీల్యాన్ ఫిల్టరింగ్ అనే మాటను సున్నా నుంచి ఒకటికి మార్చాలి. అప్పుడు గానీ బ్రిడ్జి గుర్తులను పట్టించుకోదు. తర్వాత ఏ పోర్టులో ఏ నంబరు ప్రవేశించవచ్చో ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోవాలి. చందాదారుల వైర్లన్నీ కలిసే పెట్టెలు ఆ గదిలోనే అన్నదొకటి, నాదొకటి ఉన్నాయి, గుర్తు వేసే పని వాటిది.

పెద్దమనుషులు చెప్పారు కాబట్టి ఆ రోజు అన్న కూడా గదికి వచ్చాడు. గుమ్మంలో నాకు వీపు పెట్టి, వీధి చూస్తూ కూర్చున్నాడు. నేను కింద నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్‌లోంచి, ఆ నెట్‌వర్క్ మీదుగానే పని చేస్తున్నాను. ఒక ఆదేశం కొట్టగానే తెర బిగుసుకుపోయింది. నేను ఏ పోర్టు గుండా లోపలికి వెళ్లి పని చేస్తున్నానో ఆ పోర్టునే మూసేసుకున్నాను. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే అదే. పాత కంప్యూటర్‌కు నేరుగా తగిలిద్దామంటే గదిలో కీబోర్డు లేదు. నేను తల పట్టుకుని కూర్చుంటే, అన్న లేచి కిందికి పోయి, తన ఇంట్లోంచి పాత కీబోర్డు ఒకటి తెచ్చి, దాని మీది దుమ్ము తువ్వాలతో తుడిచి, నా పక్కన పెట్టి మళ్లీ గుమ్మంలో కూర్చున్నాడు. థాంక్స్ అనకుండానే దాన్ని తగిలించుకున్నాను. మధ్యాహ్నానికి రెండు వైపులా ఇంటర్నెట్ వచ్చింది.

సంక్రాంతికి కొన్ని రోజుల ముందు నా వైపు ఇంట్లో చందాలు కట్టించుకునే ఆఫీసు గదిలో కెమెరాల బొమ్మలు చూసే ప్రోగ్రామ్ పాడైతే మళ్లీ ఎక్కించాను. అది నెట్‌వర్క్‌లో ఉన్న కెమెరా రికార్డర్లను తనంతట తానే వెతుక్కుంటుంది. ఒకటి దొరకాల్సిన చోట రెండు దొరికాయి. రెండోదాన్ని తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. బాపు స్కూటర్ నంబరు కొట్టాను, ఎందుకంటే విడిపోకముందు ఇంట్లో అన్నింటికీ ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేనే. తెర మీద అన్న వాళ్ల గేటు, గేటు లోపల కొంత వాకిలి, వాకిట్లో ముగ్గు కనిపించాయి. ముగ్గు పక్కనుంచి ఒక చేత్తో చెంబు పట్టుకుని అవ్వ నడిచిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. లినక్స్ బ్రిడ్జికి ఒక అలవాటు ఉంది. ఏ పోర్టును చేర్చినా మనం అడక్కుండానే దానికి ఒకటో నంబరు వీల్యాన్ కట్టబెడుతుంది, గుర్తు లేకుండా వచ్చిన ప్రతిదాన్నీ అందులో వేస్తుంది. నేను పది, ఇరవై చేర్చాను గానీ ఆ ఒకటిని తీసేయడం మరిచిపోయాను. చందాదారుల ఇంటర్నెట్‌కు గుర్తులున్నాయి కాబట్టి అది సరిగ్గానే పోతోంది. ఇంటి కెమెరాలు మాత్రం పాత రోజుల్లో గుచ్చినవి, వాటికి ఏ గుర్తూ లేదు. అవి గోడ లేనట్టే ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతున్నాయి. సారు అడిగిన గుడ్డ అదే.

సరిచేయడానికి రెండు ఆదేశాలు చాలు. ఒక్కో పోర్టు నుంచి ఒకటో నంబరు తొలగించమనాలి. నేను ఆదేశం టైపు కూడా చేశాను. అప్పుడే అవ్వ వెనక్కి వస్తూ గేటు దగ్గర నిలబడి వీధిలోకి చూసింది. అవ్వ ముఖం చూసి అప్పటికి నలభై రోజులు దాటింది. టైపు చేసింది చెరిపేశాను.

ఆ తర్వాత రోజూ చూశాను. మొదట్లో అవ్వ ఎప్పుడో ఒకసారి అటూ ఇటూ పోతూ కనిపించేది. సంక్రాంతి వెళ్లాక మాత్రం పొద్దున తొమ్మిదిన్నరకల్లా ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. చలికాలం, ఎండ కాగుతోంది అనుకున్నాను. ఒడిలో చాట పెట్టుకుని బియ్యంలో రాళ్లేరేది, చిక్కుడుకాయ ఈనెలు తీసేది, ఒక్కోరోజు ఊరికే కూర్చునేది. కొత్త చీరలంటే అవ్వకు ఇష్టముండదు, అలాంటిది పెట్టెలో దాచుకున్న నీలం చీర వారానికి రెండుసార్లు కట్టింది. ఆ కెమెరాలో మాట వినబడదు. నేను కౌంటర్ వెనక కూర్చుని, వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఒక కన్ను తెర మీదే పెట్టేవాణ్ని. నాకు సంతోషంగా ఉండేది, సిగ్గుగానూ ఉండేది. సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ కాబట్టి ఆపలేదు.

మా ఇంటామె బెల్లంపల్లిలో పుట్టింది, బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. మాట మెత్తగా ఉండదు. ఒకరోజు అన్నానికి పిలవడానికొచ్చి నా వెనక నిలబడి తెర చూసింది. "మా బాపు బాయిల దిగితే చీకట్ల ఎవరున్నరో కానరాకున్నా కేకేసి పలకరిస్తుండెనంట. నీకు ఇటుకల గోడ అడ్డమొచ్చిందా?" అంది. నేను విననట్టు పప్పులో ఉప్పు తక్కువైందన్నాను. ఇంకా తినడమే మొదలుపెట్టలేదని ఆమె గుర్తు చేసింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. హోళీ కూడా పోయింది. మా వైపు ఎండలంటే తెలియనివాళ్లకు చెప్పడం కష్టం, పది దాటితే కుక్క కూడా వీధి దాటదు. అవ్వ మాత్రం అదే ఎర్ర కుర్చీలో, అదే చోట, పదకొండు దాకా కూర్చుంటోంది. నాలుగడుగుల దూరంలో వరండా ఉంది, అక్కడ చల్లటి నీడ ఉంటుందని నాకు తెలుసు, నేను పుట్టి పెరిగిన వరండా అది. అవ్వ కొంగు నెత్తిన కప్పుకుని, మాటిమాటికీ ముఖం తుడుచుకుంటూ అక్కడే ఉంటోంది. అన్న గేటులోంచి వస్తూ ఆగి ఏదో అంటాడు, చెయ్యి ఊపుతాడు, లోపలికి పోతాడు. వదిన వచ్చి ఏదో అని పోతుంది. కసురుకుంటున్నారనుకున్నాను. అవ్వను లోపల కూర్చోనివ్వడం లేదనుకున్నాను. ఒకటి అనుకున్నాక దానికి పది సాక్ష్యాలు దొరుకుతాయి. చెంబెడు నీళ్లు తేవడానికి వదినకు ఎంతసేపు పట్టిందో కూడా గడియారం పెట్టుకుని చూశాను.

ఒక పొద్దున అవ్వ కుర్చీలోంచి లేవబోయి, తూలి, కుర్చీ చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చుంది. నేను షట్టర్ కూడా వేయకుండా బండి తీసి సారు ఇంటికి పోయాను.

"అవ్వ వంతు ఇప్పుడే మార్చాలె సార్. అన్న ఆమెను ఎండల కూసోవెడ్తుండు. ఇంట్లకు రానిస్తలేరు" అన్నాను.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీకెట్ల తెల్సురా? నువ్వు ఆ గడప తొక్కనంటివి. మధ్యల ఆరడుగుల గోడ ఉన్నదాయె."

దొంగకు తేలు కుట్టినట్టైంది నా పని. ఎవరో చెప్పారన్నాను. ఎవరన్నాడు. పేరు చెప్పలేకపోయాను. ఆయన లెక్కల మాస్టారు, మెట్టు తప్పితే పట్టుకోవడం ఆయనకు అలవాటు. "పోయి మీ అన్ననే అడుగు" అని లోపలికి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి మెట్ల మీది గది తలుపు తీసి ఉంది. అన్న లోపల తన పెట్టె దగ్గర ఏదో వైరు సరిచేసుకుంటున్నాడు. నేను నాలుగు నెలల కోపమంతా గొంతులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"అవ్వను గంత ఎండల కూసోవెట్టనీకె నీకు మనసెట్ల ఒప్పుతుందే? ఇయ్యాల కండ్లు తిరిగినయ్ ఆమెకు. నేను కండ్లార జూసిన."

అడగకముందే నా దొంగతనం నేనే చెప్పేశానని మాట పూర్తయ్యాక తెలిసింది. అన్న నా వైపు తిరగలేదు. వైరు బిగించడం పూర్తి చేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నువ్వు జూస్తున్నవని నాకు సంక్రాంతప్పుడే తెల్సు" అన్నాడు. "నా ఫోన్ల మా కెమెరా తెరిస్తే నీ దుకాణం గూడ కనవడ్డది. నీ వీపు కనవడ్డది. నీ ముంగట టీవీల అవ్వ కనవడ్డది."

నా ఆఫీసులో కెమెరా నా కుర్చీ వెనక గోడకే ఉంది. అది నన్నూ, నా ముందున్న తెరనూ, తెరలో ఉన్నవాళ్లనూ అన్నకు చూపిస్తూనే ఉంది. బ్రిడ్జి ఒక వైపుకే ఉండదు. రోజూ బ్రిడ్జిలతో బతికేవాణ్ని, ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"మొదాల్ కోపమొచ్చింది. దొంగతనంగ జూస్తుండు, అడుగుదామనుకున్న. మల్ల నీ వీపు జూస్తే అడగ బుద్ధి గాలె. అవ్వకు చెప్పిన, చిన్నోడు నిన్ను జూస్తుండే అని. చెప్పకుంటే మంచిగుండేది. ఆ తెల్లారి సంది ఆడనే కూసుంటుంది."

"ఎండలనా?"

"కెమెరాకు ఆ జాగనే కనవడ్తది గదరా. వరండా కనవడదాయె. నేను జరుగుమన్న, మీ వదినె జరుగుమన్నది, రోజు లొల్లే. 'వాడు జూస్తుండు గదా' అంటది. కెమెరాను నీడ దిక్కు తిప్పుతనే అన్న. వద్దన్నది. 'బొమ్మ మారితే మనకు ఎరికైందని వానికి తెలుస్తది, సిగ్గువడి బంద్ జేస్తడు, ఎట్లున్నదాన్ని అట్లనే ఉండనీ' అన్నది."

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. కసురుతున్నాడనుకున్న ప్రతిసారీ ఆయన చెయ్యి ఎటు ఊపాడో గుర్తుకొచ్చింది. వరండా వైపే. నలభై డిగ్రీల ఎండలో అవ్వను కూర్చోబెట్టింది నేను తీసేయని ఆ ఒక్క నంబరు, నేను తీసుకోని ఆ ఒక్క మాట. నాకు ఏడుపొచ్చింది, ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక కంప్యూటర్ వైపు తిరిగాను.

"అన్నా" అన్నాను, తెర చూస్తూనే. "ఆ శుక్రారం సంగతి. ఆ వైరు గట్ల గుచ్చినా ఏం గాకుండ ఉండేటందుకు ఒక సెట్టింగ్ ఉంటది. నేనే ఆన్ చెయ్యలేదు. తప్పు నీది గాదు."

అన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఎన్నడు తెల్సింది నీకు?"

"ఆ రోజే."

అన్న ఒక పెద్ద ఊపిరి తీసుకుని వదిలాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "ఇప్పుడైతే ఆన్ జేసినవా?" అని మాత్రం అడిగాడు. చేశానన్నాను. "మరి గీ కెమెరాలది గూడ జెయ్యి. ముసలామె పానం మీదికి వచ్చేటట్టున్నది" అన్నాడు.

ఆయన నా భుజం మీదుగా చూస్తుండగా టైపు చేశాను. అన్న పోర్టు నుంచి ఒకటో నంబరు తీసేశాను, నా పోర్టు నుంచి తీసేశాను. ఎంటర్ కొట్టేటప్పుడు వేలు ఒక్క క్షణం ఆగింది. అన్న జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు.

"ఇగ నీ వీపు రాదు గదా?"

"రాదు."

"మంచిది. మూణ్నెల్ల సంది జూసి జూసి ఇసుగొచ్చింది" అన్నాడు. ఇద్దరం కొంచెం నవ్వాం. ఆయన తాళంచెవి తీసుకుని, "నేను పసుపు మార్కెట్ దిక్కు పోయేదున్నది. నువ్వు పో. గేటు తీసే ఉన్నది" అని నాకంటే ముందే మెట్లు దిగి వెళ్లిపోయాడు. నాతో రాకుండా ఉండటానికే ఆ మార్కెట్ పని పుట్టిందని నాకు అర్థమైంది.

మెట్లు దిగి, ఎడమకు తిరిగి, ముప్పై అడుగులు నడిస్తే అన్న గేటు. బాపు మీద పెట్టిన ఒట్టు గుర్తుకొచ్చి గేటు దగ్గర కాలు ఆగింది. బాపు ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు, ఒట్టును కాదు, పెట్టినవాణ్ని తిట్టేవాడు. లోపలికి అడుగుపెట్టాను. అప్పటికి పదిన్నర దాటింది. చెప్పుల్లోంచి కూడా నేల కాలుతోంది. వరండా నీడలో చాప పరిచి ఉంది, దాని మీద ఎవరూ లేరు. అవ్వ ఎర్ర కుర్చీలో తల వంచుకుని కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది. నీలం చీర కట్టుకుంది. మెడ వెనక చెమట ధారగా కారుతోంది. మెట్ల మీది గదిలో మేం ఏం చేశామో ఆమెకింకా తెలియదు.

వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. నా వెనక, గేటు స్తంభం మీద, కెమెరా ఉంది. నా నీడ చాట మీద పడింది. ఏమని పిలవాలో, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియక నేను నోరు తెరిచేలోపే, ఆమె తల ఎత్తకుండానే చింతపండు చేత్తో నన్ను పక్కకు పొమ్మని సైగ చేసింది.

"అడ్డం నిలవడకు బిడ్డా, జర పక్కకు జరుగు" అంది. "మా చిన్నోడు జూస్తుంటడు."